డెత్ వ్యాలీలో మట్టి రోడ్ల మీద మొదటి ప్రయాణం, మొదటి రాత్రి: తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు సెలవులు దగ్గరపడుతున్నాయంటే బే ఏరియా, లాస్ ఏంజెలెస్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న డెత్ వ్యాలీ నేషనల్ పార్కు మాట మొదలవుతుంది. చాలామంది బ్యాడ్‌వాటర్ ఉప్పు నేల మీద ఫొటో దిగి, జబ్రిస్కీ పాయింట్‌లో సూర్యోదయం చూసి వచ్చేస్తారు. అదీ మంచి ప్రయాణమే. కానీ తారు రోడ్డు దిగి, మట్టి బాట పట్టుకుని ఐదారు మైళ్లు లోపలికి వెళ్లి, కొండ పక్కన టెంటు వేసుకుని పడుకుంటే తెలిసే ఎడారి వేరు. ఎనిమిదేళ్లుగా ప్రతి చలికాలం వెళ్తున్నాను. మొదటిసారి వెళ్లబోయేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. రోడ్ల పరిస్థితి, నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందు రోజు పార్కు వెబ్‌సైటులో రోడ్ల పేజీ తప్పకుండా చూసుకోండి.

రెండు రోజుల్లో పార్కు మొత్తం చూసేయలేమా?

చూడలేం. పార్కు విస్తీర్ణం 34 లక్షల ఎకరాలు. అలాస్కాను పక్కనపెడితే అమెరికాలో ఇంతకంటే పెద్ద నేషనల్ పార్కు లేదు. జిల్లాల విభజనకు ముందున్న గుంటూరు జిల్లా కంటే కూడా పెద్దది. బ్యాడ్‌వాటర్ సముద్ర మట్టానికి 282 అడుగుల కింద ఉంటే, అక్కడి నుంచి తలెత్తి చూస్తే కనబడే టెలిస్కోప్ పీక్ ఎత్తు 11,049 అడుగులు. మ్యాపులో అంగుళం దూరం అనుకున్నది మట్టి రోడ్డు మీద రెండు గంటలు పడుతుంది. రెండు రోజులే ఉంటే ఒక మూల ఎంచుకుని అక్కడే ఉండండి.

ఏ నెలలో వెళ్లాలి?

నవంబరు మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా. మొదటి ప్రయాణానికి వేసవి మాట ఎత్తకండి. 1913 జూలై 10న ఫర్నేస్ క్రీక్‌లో (పార్కు విజిటర్ సెంటర్ ఉన్న చోటు) నమోదైన 56.7 సెల్సియస్ డిగ్రీలు ఇప్పటికీ ప్రపంచ రికార్డుగా చెప్పుకునే వేడి. జూలైలో మామూలు మధ్యాహ్నమే 47 డిగ్రీల దగ్గర ఉంటుంది.

"రెంటచింతల, రామగుండం ఎండల్లో పెరిగాం, ఇదో లెక్కా" అనేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. వాళ్లకి నేను ఒకటే చెప్తాను. మన ఊళ్లో ఎండ ఎంతున్నా పక్కనే చెట్టు ఉంటుంది, బోరు ఉంటుంది, బండి మీద మజ్జిగ అమ్మే మనిషి ఉంటాడు. ఇక్కడ నలభై మైళ్ల దాకా అవేవీ ఉండవు. పైగా గాలి ఎంత పొడిగా ఉంటుందంటే పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా తడవదు కాబట్టి ఒంట్లో నీళ్లు పోతున్నట్టు తెలియదు.

చలికాలంలో సమస్య తిరగబడుతుంది. పగలు 20 డిగ్రీలతో హాయిగా ఉన్న చోట తెల్లవారుజామున 4 డిగ్రీలకు దిగుతుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ 3 నుంచి 5 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గుతుంది. కాబట్టి లోయలో స్వెటర్ చాలినా, నాలుగు వేల అడుగుల మీద స్లీపింగ్ బ్యాగ్ కింద మంచి ప్యాడ్ లేకపోతే రాత్రంతా నిద్ర పట్టదు. చలి నేల నుంచే ఎక్కువగా పడుతుంది. దుప్పట్లు పైన ఎన్ని కప్పుకున్నా కింద ఏదో ఒకటి ఉండాలి.

డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు కొండల వెనక్కి వెళ్లిపోతాడు. మూడింటికల్లా టెంటు వేసే చోటుకి చేరిపోయేలా లెక్క వేసుకోండి. చీకట్లో మట్టి రోడ్డు మీద రాయికీ నీడకీ తేడా తెలియదు.

నక్షత్రాలు చూడాలంటే ఏ రోజులు మంచివి?

అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రోజులు. ఇంట్లో తెలుగు క్యాలెండరు ఉంటే చాలు. 2013 నుంచి ఈ పార్కుకి అంతర్జాతీయ డార్క్ స్కై పార్కు గుర్తింపు ఉంది. మార్గశిరంలో వెళ్తే పొద్దు గూకిన కాసేపటికే తూర్పున కృత్తికలు, వాటి కింద ఎర్రగా రోహిణి, ఆ తర్వాత మృగశిర, ఆర్ద్ర వరసగా లేస్తాయి. పంచాంగంలో చదివిన పేర్లన్నీ ఒక్కోటి కొండ అంచు దాటి పైకి వస్తుంటే మా నాన్నగారు కుర్చీ తిప్పుకుని రెండు గంటలు కదలకుండా కూర్చున్నారు. తెల్ల టార్చి కళ్లలో పడితే మళ్లీ చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. ఎర్ర లైటున్న హెడ్‌ల్యాంప్ కొనుక్కోండి.

మొదటిసారికి ఏ రోడ్డు బాగుంటుంది?

నా సలహా: మొదటి రాత్రి వైల్డ్‌రోజ్ లాంటి క్యాంప్‌గ్రౌండ్‌లో, రెండో రాత్రి ఫర్నేస్ క్రీక్‌కి దగ్గరున్న ఒక చిన్న మట్టి రోడ్డు పక్కన.

వైల్డ్‌రోజ్ 4,100 అడుగుల ఎత్తులో ఉంటుంది. పక్కన మనుషులు ఉంటారు, టాయిలెట్ ఉంటుంది. టెంటు పోల్ ఒకటి ఇంట్లో మర్చిపోయామనో, స్టవ్‌కి సరిపడే సిలిండర్ కాదనో తెలిస్తే అక్కడ తెలియడమే మేలు. పొద్దున్నే ఇంకొంచెం పైకి వెళ్తే 1877లో కట్టిన బొగ్గు బట్టీలు పది, తేనెతుట్టెల్లా వరసగా నిలబడి ఉంటాయి. లోపలికి వెళ్తే ఇప్పటికీ పొగ వాసన వస్తుంది.

రెండో రాత్రికి హోల్ ఇన్ ది వాల్ లేదా ఎకో కాన్యన్. రెండూ ఫర్నేస్ క్రీక్ నుంచి 190 హైవే మీద తూర్పుకి వెళ్తే వస్తాయి. రెండూ ఎండిపోయిన వాగు మీదుగా సాగే కంకర దారులే. ఎకో కాన్యన్‌లో మలుపులు తిరుగుతూ వెళ్తుంటే కొండ గోడలో కిటికీలా తొలిచిన ఒక రంధ్రం కనబడుతుంది. దాన్ని సూది బెజ్జం అంటారు. దాన్నుంచి ఆకాశం కనిపించే చోట కారు ఆపి కిందికి దిగండి. మాట్లాడకుండా ఒక నిమిషం నిలబడితే చెవుల్లో మన రక్తం చప్పుడు మనకే వినబడుతుంది. ఇంకా లోపల ఇన్యో అనే పాత బంగారు గని ఉంది. అక్కడి దాకా వెళ్లాలన్న పట్టుదల మొదటిసారి అక్కర్లేదు.

ఈ దారుల గొప్పతనం ఏమిటంటే ఎక్కడ కష్టంగా అనిపిస్తే అక్కడి నుంచి వెనక్కి రావచ్చు. తారు రోడ్డు ఎప్పుడూ ఐదు పది మైళ్ల లోపే ఉంటుంది. ఏ ప్రయాణంలోనైనా నేను ముందే ఒక టైమ్ అనుకుంటాను: "రెండు గంటలకి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి." ఇంకో అరమైలే ఉందన్నా వినను. ఇంటి దగ్గర టేబుల్ మీద కూర్చుని తీసుకున్న నిర్ణయం అక్కడ ఉత్సాహంలో తీసుకున్నదాని కంటే ఎప్పుడూ మంచిదే.

కదిలే రాళ్ల రేస్‌ట్రాక్‌కి మొదటిసారే వెళ్లొచ్చా?

రేస్‌ట్రాక్ అంటే రాళ్లు జరిగిన జాడలు కనబడే ఎండిపోయిన చెరువు నేల. అందరూ అడిగేది దీని గురించే. వద్దనే చెప్తాను. ఎందుకంటే నేను వెళ్లాను.

యుబెహెబె క్రేటర్ దగ్గర తారు రోడ్డు ముగుస్తుంది. అక్కడి నుంచి రేస్‌ట్రాక్‌కి 27 మైళ్లు. వెళ్లడానికే రెండు గంటలు. రోడ్డంతా అలలు అలలుగా ఉంటుంది, మధ్యలో పదునైన రాళ్లు. మేం కారుతో వచ్చిన టైర్ల మీదే వెళ్లాం. తొమ్మిదో మైలు దగ్గర బుస్సుమని చప్పుడు వచ్చింది. దిగి చూస్తే వెనక టైరు పక్క భాగంలో బొటనవేలు దూరేంత చీలిక. అరచేతిలో పట్టే నల్లరాయి ఒకటి అక్కడే పడి ఉంది, ఒక అంచు పగిలిన గాజు పెంకులా ఉంది. జాకీ పెట్టి ఎత్తబోతే కారు లేవడం లేదు, జాకీయే కంకరలోకి దిగిపోతోంది. అటుగా వచ్చిన ఒక జంట ట్రక్కులోంచి చెక్క ముక్క తీసిచ్చారు. అది కింద పెట్టాకే కారు లేచింది. డిక్కీలో ఉన్న స్టెప్నీ సన్నటి చిన్న చక్రం. దాని మీద గంటకు పదిహేను మైళ్ల వేగంతో, ఒకరితో ఒకరం మాట్లాడకుండా వెనక్కి వచ్చేశాం. ఆ తొమ్మిది మైళ్లూ పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

రెండేళ్ల తర్వాత మంచి టైర్లతో, రెండు పూర్తి సైజు స్టెప్నీలతో వెళ్లాను. టీకెటిల్ జంక్షన్‌లో బోర్డుకి వేలాడదీసిన కెటిల్స్ చూసి, సాయంత్రపు ఏటవాలు ఎండలో ఆ బీటల నేల మీద నడిచాను. రాయి వెనక దాని గాడి, నాగలి చాలులా సాగి, మధ్యలో ఒక్కసారి మలుపు తిరిగింది. ఆ రాళ్లు ఎలా కదులుతాయో 2014లో ప్రచురించిన పరిశోధనతో తేలింది. చలికాలంలో అరుదుగా నేల మీద పల్చగా నీళ్లు నిలుస్తాయి, రాత్రికి మిల్లీమీటర్ల మందాన మంచు పలక కడుతుంది, పొద్దున ఎండకి ఆ పలక పగిలి చిన్న గాలికే జరుగుతూ రాళ్లను బురదలో నెడుతుంది. నేల తడిగా ఉంటే అసలు దిగకండి. మన పాదముద్ర ఏళ్ల తరబడి ఉండిపోతుంది. 2016లో ఎవరో ఆ నేల మీద కారు తిప్పిపోతే ఆ గాట్లు చాలాకాలం పోలేదు.

ఏ కారు కావాలి? ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరా?

మూడు విషయాలు చూడాలి. నా లెక్కలో ముందు టైర్లు, తర్వాత నేల నుంచి కారు అడుగు ఎంత ఎత్తులో ఉందన్నది, ఆ తర్వాతే ఫోర్ వీల్ డ్రైవ్. ఎడారిలో ఎక్కువమంది ప్రయాణం ఆగిపోయేది ఇసుకలో ఇరుక్కుని కాదు, టైరు కోసుకుపోయి. సిటీ రోడ్ల కోసం చేసిన టైరు పక్క భాగం మెత్తగా ఉంటుంది, పదును రాయి తగిలితే నిలబడదు. ఆల్ టెరైన్ టైర్లు, వీలైతే లైట్ ట్రక్కులకి వేసే గట్టి రకం, వేయించుకోండి.

ఎకో కాన్యన్ మొదటి మైళ్లకు ఎత్తున్న ఎస్‌యూవీ సరిపోతుంది. ఇంకా లోపలికి, రాతి మెట్లున్న చోటికి వెళ్లాలంటే ఫోర్ వీల్ డ్రైవ్‌తో పాటు లో-రేంజ్ గేరు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) ఉన్న బండి కావాలి. ఆల్ వీల్ డ్రైవ్ అని రాసి ఉన్న ఫ్యామిలీ కార్లన్నీ దీనికి సమానం కావు.

అద్దె కారుతో వెళ్లొచ్చా?

మామూలు అద్దె కార్ల ఒప్పందాల్లో తారు రోడ్డు దాటకూడదనే ఉంటుంది. దాటి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వర్తించదు. లోపలి నుంచి కారు లాక్కొచ్చే టోయింగ్ బిల్లు వేల డాలర్లలోకి వెళ్తుంది, అది మీ చేతి నుంచే. మట్టి రోడ్లకి అనుమతిస్తూ జీపులు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. ఖరీదు ఎక్కువే అయినా మొదటిసారి అదే తీసుకోండి. మీకున్న రోడ్‌సైడ్ అసిస్టెన్స్ సభ్యత్వం మట్టి రోడ్లకి పనిచేస్తుందో లేదో కూడా ఫోన్ చేసి కనుక్కోండి.

మా ఇంట్లో ఉన్నది టెస్లా. మరి?

తారు రోడ్ల దాకా నిశ్చింతగా వెళ్లండి. నెవాడా వైపు బీటీలో సూపర్‌చార్జర్ ఉంది. మట్టి రోడ్ల మీదకి మాత్రం వద్దు. కింద బ్యాటరీ, పల్చటి టైర్లు, స్టెప్నీ ఉండదు. ఈ మూడూ కలిస్తే చిన్న పంచర్ కూడా పెద్ద గొడవే.

రిపేరు సామాన్లు ఏం పెట్టుకోవాలి?

పూర్తి సైజు స్టెప్నీ, వీలైతే రెండు. జాకీ, దాని కింద పెట్టడానికి అడుగు వెడల్పు చెక్క పలక. నట్లు విప్పే పొడుగు స్పానర్. టైరులో మేకు దిగితే వేసే ప్లగ్ కిట్, కారు బ్యాటరీతో నడిచే గాలి పంపు, గాలి కొలిచే గేజీ. పార. లాగడానికి బెల్టు. బ్యాటరీ జంపర్.

సామాను కొనడంతో పని అయిపోదు. ఇంటి ముందు ఒక ఆదివారం స్టెప్నీ దించి, మార్చి, మళ్లీ పెట్టి చూడండి. కొన్ని కార్లలో స్టెప్నీ కింద వేలాడుతూ ఉంటుంది, దాన్ని దించే రాడ్డు ఎక్కడుందో వెతకడానికే అరగంట పడుతుంది. చక్రం లాక్ నట్లకి ప్రత్యేకమైన తాళం ఉంటుంది, అది గ్లవ్ బాక్సులో ఉందా లేదా చూసుకోండి. కారుతో పాటు వచ్చేవారిలో ఇంకొకరికైనా ఇది చేయడం వచ్చి ఉండాలి.

వాష్‌బోర్డ్ రోడ్డు మీద ఎలా నడపాలి?

వాష్‌బోర్డ్ అంటే అలలు అలలుగా ఉండే మట్టి రోడ్డు, ఇంటి పైకప్పు రేకులు నేల మీద పరిచి వాటి మీద కారు తోలినట్టు ఉంటుంది. తారు దిగగానే టైర్లలో గాలి తగ్గించండి. 35 పీఎస్‌ఐ ఉంటే 25 దాకా దించితే కుదుపు సగం తగ్గుతుంది, రాయి మీద టైరు కొంచెం మెత్తగా ఒదుగుతుంది. తిరిగి తారు ఎక్కేటప్పుడు గాలి కొట్టాలి, అందుకే పంపు. వేగంగా పోతే కుదుపు తెలియదంటారు కొందరు. నిజమే, తెలియదు, కానీ బ్రేకు వేస్తే కారు మాట వినదు, మలుపులో పక్కకి జారుతుంది. ఇరవై మైళ్ల వేగం చాలు. ప్రతి గంటకోసారి దిగి టైర్లు చేత్తో తడిమి చూడండి. మిగతా మూడింటి కంటే ఒకటి వేడిగా ఉంటే గాలి దిగుతోందని అర్థం.

టెంటు ఎక్కడ పడితే అక్కడ వేసుకోవచ్చా?

లేదు. ఎకో కాన్యన్, హోల్ ఇన్ ది వాల్, కాటన్‌వుడ్, మార్బుల్ కాన్యన్ రోడ్ల పక్కన రాత్రి ఉండాలంటే పర్మిట్ తీసుకోవాలి, గుర్తించిన చోటే ఉండాలి. సెలవుల వారాల్లో ఇవి త్వరగా నిండుతాయి. మిగతా చోట్ల సాధారణ నియమం: తారు రోడ్డుకి, పగటి పూట మాత్రమే తెరిచే మట్టి రోడ్లకి కనీసం మైలు దూరం, నీటి చెలమలకి వంద గజాల దూరం. టైటస్ కాన్యన్ లాంటివి పగటికే పరిమితం. ఇదివరకు ఎవరో టెంటు వేసి గట్టిపడిన చోటే వేయండి, కారు రోడ్డు పక్కనే ఆపండి. ఎడారి నేల మీద టైరు గుర్తు దశాబ్దాలు ఉంటుంది. పార్కింగ్ స్థలాల్లో కార్లో పడుకోవడం కుదరదు.

నీళ్లు ఎన్ని పట్టుకెళ్లాలి?

మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలన్, అంటే దాదాపు 4 లీటర్లు. నలుగురు, మూడు రోజులంటే 12 గ్యాలన్లు. నేను దాని మీద ఇంకో 6 గ్యాలన్లు కారులో విడిగా పెట్టి, వాటిని ముట్టుకోను. తిరిగొచ్చాక ఇంటి దగ్గర మొక్కలకి పోస్తాను. ఒకే పెద్ద డబ్బాలో పోయకండి. కుదుపులకి మూత వదులై ఒక డబ్బా మొత్తం కార్పెట్ తాగేసిన సందర్భం నాకు తెలుసు.

మన వంట అక్కడ కుదురుతుందా?

కుదురుతుంది, కానీ నీళ్ల లెక్క మారుతుంది. బియ్యం రెండుసార్లు కడిగి, అన్నం వండి, ఆ గిన్నె తోమితే ఒక పూటకే గ్యాలను దాటిపోతుంది. మొదటి రోజుకి పులిహోర ఇంటి దగ్గరే కలిపి తెచ్చుకోండి, చలికాలంలో రెండో పూటకీ బాగుంటుంది. చపాతీలు, ఆలూ కూర, కందిపొడి, ఆవకాయ, కూలర్‌లో పెరుగు. వేడిగా ఏదైనా కావాలంటే ఉప్మా మేలు, ఒకే గిన్నె. గిన్నె ఆరకముందే పేపరు టవల్‌తో తుడిచేస్తే కడగాల్సింది మిగలదు.

స్టవ్‌కి గాలి అడ్డం కావాలి. కారు వెనక తలుపు పక్కన, టెంటుకి దూరంగా పెట్టుకోండి. టెంటు లోపల వండకండి. తిన్న వెంటనే మెతుకు కూడా మిగలకుండా ఎత్తేయాలి. అక్కడి బొంతకాకులకి జిప్పు తీయడం కూడా వచ్చు, రాత్రి చిన్న కిట్ ఫాక్స్ నక్కలు చెప్పులు కూడా ఎత్తుకుపోతాయి.

క్యాంప్‌ఫైర్ వేసుకోవచ్చా?

లోపలి మట్టి రోడ్ల పక్కన నిషేధం. క్యాంప్‌గ్రౌండ్‌లో ఇనుప కుంపటి ఉన్న చోట మాత్రమే, అదీ మీరు తెచ్చుకున్న కట్టెలతో. నేల మీద ఎండుపుల్ల కూడా ఏరకూడదు.

బాత్రూమ్ సంగతి?

మొహమాటపడకుండా ముందే మాట్లాడుకోవాల్సిన విషయం. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉంటే మరీ. వాగుకి, దారికి, టెంటుకి దూరంగా ఆరు అంగుళాల గొయ్యి తవ్వి పూడ్చాలి. వాడిన పేపరు జిప్ కవర్లో వెనక్కి తేవాలి. ఇంకా మంచిది, పొడి వేసి గడ్డకట్టించే సంచులు దొరుకుతాయి, అన్నీ అందులోనే మూటకట్టి తెచ్చేయొచ్చు. మడత పెట్టే చిన్న టాయిలెట్ కుర్చీ, చుట్టూ నిలబెట్టే గుడారం కలిపి తీసుకెళ్తే మా అమ్మలాంటి వాళ్లకి ప్రయాణం మీద భయం పోతుంది.

ఫోన్ పనిచేస్తుందా? గూగుల్ మ్యాప్స్ చాలదా?

ఫర్నేస్ క్రీక్, స్టవ్‌పైప్ వెల్స్ దాటితే సిగ్నల్ లేదనుకోండి. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, విజిటర్ సెంటర్‌లో కాగితం మ్యాపు కూడా తీసుకోండి. ఫోన్‌లో కనబడే కొన్ని దార్లు ఎప్పుడో వాడుక పోయిన గని బాటలు. 2009 ఆగస్టులో జీపీఎస్ చూపిన దారి పట్టి ఇరుక్కుపోయిన ఒక కుటుంబంలో చిన్న బాబు ప్రాణం పోయింది. ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం కొనండి లేదా అద్దెకి తీసుకోండి. కొత్త ఐఫోన్లలో ఉండే శాటిలైట్ ఎమర్జెన్సీ సౌకర్యం ఉందని ధీమాగా ఉండకండి. ఇరుకైన కొండ గోడల మధ్య ఆకాశం తక్కువ కనబడుతుంది, ఏ పరికరమైనా ఆలస్యం చేస్తుంది.

వాన వస్తే?

ఏడాదికి అంతా కలిపి రెండు అంగుళాలు కురిసే చోటు ఇది. 2022 ఆగస్టు 5న ఒక్క రోజులో 1.46 అంగుళాలు పడితే వెయ్యిమంది దాకా చిక్కుకుపోయారు. మరుసటి ఏడాది ఆగస్టు 20న 2.2 అంగుళాలు కురిసింది, పార్కు రెండు నెలల దాకా తెరవలేదు. రాతి నేల నీళ్లు తాగదు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఇరవై మైళ్ల అవతల కొండ మీద పడ్డ వాన మీరు టెంటు వేసిన వాగులోకి గోడలా వస్తుంది. దూరంగా మబ్బు నల్లబడితే ఆ రోజు కాన్యన్‌లోకి వెళ్లకండి. టెంటు ఎప్పుడూ వాగు మధ్యలో కాక గట్టు మీద వేయండి.

కారు కదలకపోతే ఏం చేయాలి?

కారు దగ్గరే ఉండండి. ఈ ఒక్క జవాబు పిల్లలకి కూడా కంఠతా వచ్చేలా చెప్పండి. కారు నీడ ఇస్తుంది, పైనుంచి వెతికేవాళ్లకి మనిషి కంటే తేలిగ్గా కనబడుతుంది, నీళ్లన్నీ అందులోనే ఉంటాయి. బానెట్ ఎత్తి ఉంచండి, శాటిలైట్ మెసేజ్ పంపండి, పగలు నడక పెట్టుకోకండి.

1996 జూలైలో జర్మనీ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు అద్దె మినీవ్యాన్‌లో దక్షిణాన మారుమూల దారి పట్టారు. అక్టోబరులో ఆన్విల్ కాన్యన్‌లో వ్యాన్ దొరికింది. మూడు టైర్లలో గాలి లేదు. పెద్దవాళ్ల ఎముకలు దొరకడానికి 2009 దాకా పట్టింది. ఆ లోయ పక్కగా వెళ్లిన ప్రతిసారీ ఆ పిల్లలే గుర్తొస్తారు.

పిల్లల్ని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి, వాళ్లకి నచ్చే చోటు. కాకపోతే దగ్గరి ఆసుపత్రి నెవాడాలో పాహ్రంప్‌లో ఉంది, ఫర్నేస్ క్రీక్ నుంచే గంట పైన. బీపీ, షుగర్ మందులు రెండు రోజులు అదనంగా, ఓఆర్ఎస్ పొట్లాలు, ఊలు టోపీలు పెట్టండి. మెడ, నడుము నొప్పులున్నవాళ్లకి వాష్‌బోర్డ్ కుదుపు మంచిది కాదు, వాళ్లకోసం వైల్డ్‌రోజే రెండు రాత్రులూ చాలు. పొద్దున చెప్పులు దులిపి వేసుకోమని అందరికీ చెప్పండి. చలికాలంలో పాములు, తేళ్లు అంతగా కనబడవు కానీ రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టే అలవాటు మంచిది కాదు. పాత గనుల్లోకి ఎవరినీ వెళ్లనీయకండి.

పెట్రోలు ఎక్కడ కొట్టించుకోవాలి?

పార్కులోకి రాకముందే: బీటీ, పాహ్రంప్, రిడ్జ్‌క్రెస్ట్, లోన్ పైన్, మీరు వచ్చే దారిని బట్టి. లోపల ఫర్నేస్ క్రీక్, స్టవ్‌పైప్ వెల్స్, పానమింట్ స్ప్రింగ్స్‌లో దొరుకుతుంది, ధర బాగా ఎక్కువ. మట్టి రోడ్డు మీద మైలేజీ పడిపోతుంది కాబట్టి తారు దిగేటప్పుడు ట్యాంకు నిండుగా ఉండాలి. ప్రవేశ రుసుము కార్డుతోనే, నగదు తీసుకోరు.

ఇక్కడ మనుషులెవరైనా ఉంటారా?

ఉంటారు. తింబిషా షొషోనీ ప్రజల సొంత నేల ఇది. "మృత్యు లోయ" అన్న పేరు 1849లో బంగారం కోసం దారి తప్పి వచ్చినవాళ్లు పెట్టింది. తరతరాలుగా ఇక్కడ బతికిన వాళ్లకి ఆ పేరు నచ్చదు. వాళ్ల నేలలో కొంత వాళ్లకి తిరిగి దక్కడానికి 2000లో చట్టం వచ్చింది. ఫర్నేస్ క్రీక్ పక్కన వాళ్ల ఊరుంది. అవి ఇళ్లు, ఫొటోల కోసం కార్లు లోపలికి తిప్పకండి.

బయల్దేరే ముందు, వచ్చాక మర్చిపోకూడనిది ఏమిటి?

ఒక తెల్ల కాగితం మీద రాయండి: ఏ రోడ్డు, ఏ రాత్రి ఎక్కడ, కారు రంగు, నంబరు, ఎంతమంది, ఏ రోజు ఎన్ని గంటలకి ఫోన్ చేస్తారు, చేయకపోతే ఎన్ని గంటలు ఆగి పార్కు వాళ్లకి చెప్పాలి. దాన్ని ఫొటో తీసి ఫోన్ దగ్గరుండే ఒక మనిషికి పంపండి. గ్రూపులో పెడితే ఎవరో చూస్తారులే అని ఎవరూ చూడరు, కాబట్టి ఒక్కరికే. నా కాగితం ఎప్పుడూ మా చెల్లెలికి వెళ్తుంది.

తిరుగు ప్రయాణంలో తారు ఎక్కగానే టైర్లకి గాలి కొట్టండి, పక్క భాగాల మీద కొత్త గాట్లున్నాయేమో వంగి చూడండి. సిగ్నల్ గీత కనబడగానే, ఫొటోలు పంపే ముందే, కాగితం ఉన్న మనిషికి ఫోన్ చేసి బయటికి వచ్చేశామని చెప్పండి.